అయోవాలో పందుల దొడ్డి

అమెరికాలో పందుల పెంపకమంటే అయోవా రాష్ట్రమే. దేశంలోని పందుల్లో దాదాపు మూడో వంతు ఇక్కడే ఉంటాయి. వేలకు వేలుండే ఆ పెద్ద షెడ్లలోకి వెళ్లేముందు పనివాళ్లు స్నానం చేసి కంపెనీ బట్టలు తొడుక్కోవాలి. రోగాల భయంతో వాళ్లను ఇంటి దగ్గర ఒక్క పందిని కూడా పెంచుకోనివ్వని కంపెనీలున్నాయి. నాది ఆస్పత్రిలో కంప్యూటర్ల పని, ఆ గొడవ లేదు. పక్కింటాయన, రిటైరైన బడి మాస్టారు, రెండు పందుల్ని తెస్తున్నానని, దొడ్డి కట్టడానికి ఓ చెయ్యి వేయమని అడిగితే సరేనన్నాను.

వసంతంలో 20, 25 కిలోల పిల్లల్ని కొంటారు. అక్టోబరుకల్లా 120 కిలోలు దాటతాయి. ఒంటరిగా ఉండలేవు కాబట్టి కనీసం రెండుండాలి. పంది కంచె దూకేది తక్కువ. ముట్టె కిందికి దూర్చి, మెడ బలంతో కంచెనే పైకి లేపుతుంది. అందుకే కంచె అడుగున సందు ఉండకూడదు. ఇక్కడ 16 అడుగుల పొడవు, మూడడుగుల లోపు ఎత్తున్న ఇనప ప్యానెళ్లు దొరుకుతాయి. పిల్లలు దూరకుండా కింది గళ్లు ఇరుగ్గా, పైవి వెడల్పుగా ఉంటాయి. వాటిని రాటలకు లోపలివైపే కట్టాలి. బయటివైపు కడితే పంది నెట్టిన నెట్టుడుకు కట్లు తెగుతాయి. లోపల జానెడు ఎత్తున ఒక కరెంటు తీగ లాగాం. అలవాటు లేని పిల్లలు షాక్ కొడితే వెనక్కి పోవు, ముందుకే ఉరుకుతాయి. తీగ వెనక గట్టి కంచె లేకపోతే ఇక వాటి వెంట మనం ఉరకాల్సిందే.

కొట్టానికి మూడు వైపులా చెక్కలు, పైన రేకు. చలిగాలి వాయవ్యం నుంచి కొడుతుంది కాబట్టి ముఖం దక్షిణానికి పెట్టి, లోపల గడ్డి మందంగా పరిచాం. పంది మురికిదంటారు గానీ, చోటిస్తే పడుకునే దగ్గర పెంట వేయదు, తడిగా ఉన్న మూల చూసుకుంటుంది. నీళ్ల పీపాను ఎదురు మూలకు పెట్టింది అందుకే. చెమట పోసి చల్లబడే ఒళ్లు కాదు, తెల్ల తోలు ఎండకు కమిలిపోతుంది. నీడా కావాలి, బురదా కావాలి.

మాది అనంతపురం వైపు ఎరుకల కుటుంబం. తాత పొద్దున పందుల్ని వదిలితే ఊరంతా తిరిగి చీకటి పడేసరికి గుడిసె చేరేవి. తవుడు, హోటళ్ల మిగులు పెట్టేవాడు. మాంసం కలిసిన అలాంటి మిగులును లైసెన్సు లేకుండా, ఉడికించకుండా పెట్టడాన్ని ఇక్కడ 1980 నాటి చట్టం ఒప్పుకోదు. మొక్కజొన్న, సోయా దాణాయే పెడతారు. మాస్టారి భార్య దాణా బకెట్‌తో దొడ్డి దగ్గర నిలబడితే దారినపోయేవాళ్లు కారాపి పలకరిస్తారు. మా తాతను బడి వాకిట్లోకి కూడా రానిచ్చేవాళ్లు కాదు. రాష్ట్ర రాజధాని డెమోయిన్‌లో తెలుగువాళ్ల విందుల్లో నేనీ సంగతి ఎత్తను. బర్గర్‌లో బేకన్, అంటే పంది మాంసమే, అడిగి మరీ వేయించుకునేవాళ్లే, పెంపకం అనేసరికి ముక్కు మూసుకుంటారు.

వీడియోలో దొడ్డి చూపిస్తే అమ్మ, "అమెరికాకు పోయి గూడా పందులేనా నాయనా!" అని నెత్తి కొట్టుకుంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. కొట్టం చూపించమంది, నీళ్లెక్కడని అడిగింది. గేటు దగ్గరికొచ్చేసరికి, "ఆ వాకిలి బయటికి తెరుచుకుంటాండాదే, ఎవురు పెట్టినారప్పా? నూక్కోని వస్తాయి. లోపలికి తిప్పించు" అంది. మాస్టారికి చెప్తే గేటును ఒకసారి తోసి చూసి, పానా కోసం గ్యారేజీలోకి వెళ్లాడు.