రాయి వేస్తే చెరువు మధ్యలోంచే ఎందుకు నిమ్మళిస్తుంది?

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుండంలో బతుకమ్మను వదిలాక, లోపలికి పోవాలని చేతులతో నీళ్లను నెడతారు. బతుకమ్మ కదిలేది ఆ నెట్టిన నీళ్లతోనే. చేతి దగ్గర పుట్టి గుండమంతా పరుచుకునే అలల సాయం అందులో చాలా తక్కువ. అల ముందుకు పోతుంది కానీ నీళ్లు ఉన్నచోటే సున్నా చుట్టి దాదాపు మొదటి చోటికే వస్తాయి.

గులకరాయి పడ్డచోట నీళ్లలో గుంత పడుతుంది. దాన్ని రెండు బలాలు పూడుస్తాయి. ఒకటి గురుత్వాకర్షణ, రెండోది నీటి పైపొర బిగువు, అంటే తలతన్యత. పూడ్చే నీళ్లు సమానం కాగానే ఆగవు, వచ్చిన ఊపుకు పైకి ఉబుకుతాయి, మళ్లీ దిగుతాయి. ఆ ఊగులాటే వలయాలుగా పాకుతుంది.

అల పొడవు, అంటే ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి దూరం, 1.7 సెంటీమీటర్లు ఉంటే దాని వేగం సెకనుకు 23 సెంటీమీటర్లే. లోతైన నీళ్లలో ఇంతకంటే మెల్లగా ఏ అలా నడవదు. అంతకన్నా సన్నవాటిని పైపొర బిగువు తరుముతుంది, పెద్దవాటిని గురుత్వం తరుముతుంది. అయితే ఒక్కో శిఖరం వేగం వేరు, ఊపును మోసుకుపోయే అలల గుంపు వేగం వేరు. అది సెకనుకు సుమారు 18 సెంటీమీటర్ల కంటే తగ్గదు. అందుకే రాయి పడ్డ 5 సెకన్లకు మధ్యలో దాదాపు 90 సెంటీమీటర్ల మేర, అన్ని వైపులా, నీళ్లు నిమ్మళిస్తాయి. అందరి చూపూ బయటి వలయం మీదే ఉంటుంది. అసలు చూడాల్సింది ఈ లోపలి అంచు.

అర సెంటీమీటరు అలలు ముందు పరుగెత్తినా, సెకనులో మూడో వంతుకే బాగా నీరసిస్తాయి. 10 సెంటీమీటర్ల అల శుభ్రమైన నీళ్లలో రెండు నిమిషాల వరకూ నిలుస్తుంది.

ఈ 23 సెంటీమీటర్ల లెక్క పొలం కాలువలోనూ పనికొస్తుంది. పారుదలకు ఎదురుగా అంతే వేగంతో పోయే అల ఉన్నచోటే నిలబడినట్టు కనిపిస్తుంది. పారే నీళ్లలో సన్న పుల్లను నిలువుగా ముంచండి. ఎదురుగా గీతల్లాంటి అలలు నిలబడకపోతే పారుదల సెకనుకు 23 సెంటీమీటర్ల లోపే. పుల్లకు ఎగువన గీతల మధ్య ఎడం 5.5 మిల్లీమీటర్లుంటే వేగం 30 సెంటీమీటర్లు, 3 మిల్లీమీటర్లకు తగ్గితే 40. ఎగువన నిలిచేవి బిగువు అలలు, దిగువన నిలిచేవి గురుత్వపు అలలు. ఆ దిగువవి చాలా వెడల్పు, కొలతకు ఎగువవే తీసుకోండి.

ఇంట్లో చూడాలంటే అడుగు చదునుగా ఉన్న గాజు పాత్రలో ఒక సెంటీమీటరు నీళ్లు పోసి, కింద కొంత ఎడంగా తెల్లకాగితం పరచి, పైనుంచి ఎండ పడనివ్వండి. డ్రాపర్‌తో ఒక్కో చుక్క వేస్తే శిఖరాలు భూతద్దంలా వెలుగును కూడగట్టి కాగితం మీద గీతలు గీస్తాయి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టండి. గోడలకు తగిలి తిరిగొచ్చే అలలు బొమ్మను చెడగొడతాయి, కాబట్టి అంచుల వెంట స్పాంజి ముక్కలు పెట్టండి. ఎక్కువసార్లు పాడయ్యేది మాత్రం సబ్బు, నూనె మరకల వల్లే. సబ్బు పైపొర బిగువును తగ్గిస్తుంది. పల్చటి నూనె పొర అలతో సాగుతూ ముడుచుకుంటూ కింది నీళ్లను రాస్తుంది, సన్న అలలు అక్కడే చచ్చిపోతాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంగ్లండులో క్లాపమ్ చెరువు మీద ఒక్క చెంచా నూనె పోసి అర ఎకరం నీళ్లను చదును చేసిన సంగతి 1774లో అచ్చయింది. పాత్రను సబ్బు పోయేదాకా నాలుగైదు సార్లు మంచినీళ్లతో కడిగి, లోపల వేలు తగలకుండా పట్టుకోండి.