అత్తయ్యతో జార్జి టౌన్ వాక్

ఆదివారం పొద్దున్న ఆరున్నరకల్లా పారీస్ కార్నర్‌లో ఉండమన్నారు. చెన్నైలో పాత పేటలు నడిచి చూపించే హెరిటేజ్ వాక్. నా ఒక్కదానికే పేరు రాయించుకున్నానని తెలిసి అత్తయ్య ఊరుకోలేదు. ఆవిడ పుట్టి పెరిగిందే గోవిందప్ప నాయకన్ వీధిలో. "మీకు తెలియంది ఏం చూపిస్తారు అత్తయ్యా?" అంటే, "ఏం చూపిస్తారో చూడ్డానికే వస్తాను" అన్నారు. సెంట్రల్‌లో మెట్రో మారి హైకోర్టు స్టేషన్లో దిగేసరికి మాకంటే ముందే ఓ పదిమంది చేరి ఉన్నారు. అందరూ టోపీలు, కెమెరాలు. అత్తయ్య చేతిలో మాత్రం కూరల సంచి.

మామూలు రోజుల్లో ఇక్కడ తలెత్తి చూసే వీలుండదు. పెళ్లి కార్డులకని ఆండర్సన్ వీధికో, చీరలకని గోడౌన్ వీధికో వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఏ బండి వచ్చి గుద్దుతుందో అన్న టెన్షనే. ఇవాళ షట్టర్లన్నీ మూసి ఉన్నాయి కాబట్టి కళ్లు పై అంతస్తులకు వెళ్లాయి. సున్నపు పువ్వుల డిజైన్లు, చెక్క కటకటాలు, వాటి మధ్య నుంచి దూరిన కేబుల్ వైర్లు.

గైడు కుర్రవాడు హుషారైనవాడు. మొదటి అరగంట మాత్రం దొరల చరిత్రే. ఈస్టిండియా కంపెనీ తరఫున సెయింట్ జార్జి కోటకు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే పేరు ఎన్నిసార్లు తలుచుకున్నాడో! 1639 ఆగస్టు 22న ఆ స్థలం ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి పేరు ఒక్కసారి గబగబా అనేసి దాటేశాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే కదా చెన్నపట్నం అయింది. మధ్యలో నిలబడి మాట్లాడిపెట్టిన దుబాసీ బేరి తిమ్మన్న ఊసే లేదు. నేను కల్పించుకుని చెబితే, పాపం, నొచ్చుకోకుండా ఫోన్లో రాసుకున్నాడు.

ఒక్క సంగతి మాత్రం బాగా చెప్పాడు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటే మొదటి ఊరు ఉండేదట, కోట గోడకు ఆనుకుని. 1746లో ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకోవడం, తర్వాత మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి రావడం, ఈ గొడవల్లో కోట ఫిరంగులకు అడ్డం ఉండకూడదని ఆ ఊరు కూల్చేశారు. చెన్నకేశవస్వామి గుడి కూడా అందులోనే పోయింది. తర్వాత కంపెనీ వేరేచోట స్థలమిస్తే దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవుడికీ, చెన్నమల్లేశ్వరుడికీ పక్కపక్కనే గుళ్లు కట్టారు. ఆ వీధికి అద్దాలు కొనడానికి ఎన్నిసార్లు వెళ్లామో, ఆ గుడి ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకోవడమే తప్ప, అది ఊరితో పాటు కదిలివచ్చిన గుడి అని నాకు తట్టలేదు. డేర్ హౌస్ దగ్గర పాత హద్దురాయి కూడా ఒకటి చూపించాడు. కోట చుట్టూ ఎంతవరకు కట్టడాలు ఉండకూడదో చెప్పే రాయి అది.

తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి. 1677లో శివాజీ ఇక్కడికి వచ్చాడని చెప్పుకుంటారు. నాకైతే ఆ వీధి అంటే ఆంధ్రపత్రిక ఆఫీసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయి నుంచి పత్రికను మద్రాసుకు తెచ్చింది 1914లో. మా తాతగారి తరానికి ఈ వీధి పేరు పేపరు మీద చూసే పేరు. అర్మేనియన్ చర్చిని బయటి నుంచే చూసి ముందుకు కదిలాం.

కొత్వాల్ చావడి దగ్గరికి వచ్చేసరికి గైడు పని అయిపోయింది. "ఇది ఒకప్పటి హోల్‌సేల్ కూరల మార్కెట్, స్థలం కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది, 1996లో కోయంబేడుకు మార్చారు" అని రెండు ముక్కలు చెప్పి నడవబోయాడు. అత్తయ్య ఆపారు. "తంబీ, ఇక్కడ నిలబడు" అని మొదలుపెట్టి తమిళంలో, మధ్య మధ్య నావైపు తిరిగి తెలుగులో, ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున లారీలు, కర్నూలు ఉల్లి బస్తాలు, మెట్ల మీదే నిద్రపోయే కూలీలు, తొక్కలు తింటూ బలిసిన ఆవులు. వానాకాలంలో మోకాలి దాకా కుళ్లిన ఆకులు. "నా పెళ్లిచూపులకు మీ మామయ్య కాలికి క్యాబేజీ ఆకు అంటించుకుని వచ్చారు. అది చూసి మా నాన్న, కుర్రాడికి ఈ వీధి పట్టింది, ఖాయం చేసుకుందాం అన్నారు." కెమెరాలవాళ్లంతా ఆవిడ చుట్టూ మూగారు.

మండీని కోయంబేడుకు మార్చడం మంచిదేనని నా అభిప్రాయం. ఇంత ఇరుకు వీధుల్లో లారీలు తిరగడం ఎవరికైనా నరకమే. అత్తయ్య ఒప్పుకోలేదు. వాళ్లన్నయ్య ఉల్లి మండీ కోయంబేడు వెళ్లాక నిలదొక్కుకోలేదు మరి.

మింట్ స్ట్రీట్‌లో వేడి జిలేబీ తిన్నాం. టంకశాల కథ అప్పటికి ఎవరూ వినే స్థితిలో లేరు.

వాక్ అక్కడితో సరి. కానీ నాకు అన్నాపిళ్లై వీధి చూడాలని ఉంది. పొట్టి శ్రీరాములుగారు 1901లో పుట్టింది ఆ వీధిలోని 165వ నంబరు ఇంట్లో. ప్రాణం వదిలింది ఇదే ఊళ్లో, మైలాపూరులో, 1952 డిసెంబరు 15న. గైడు లిస్టులో ఆ వీధే లేదు. "నేనూ వస్తాను మేడం" అని మాతో పాటు నడిచాడు. వీధి మొదట్లోనే అత్తయ్య మోకాళ్లు మొరాయించాయి. నంబర్లు వెతికే ఓపిక లేక ఆటో ఎక్కేశాం. ఎక్కాక గైడు అత్తయ్య ఫోన్ నంబరు అడిగాడు, వచ్చే నెల వాక్‌కి రమ్మని. ఆవిడ నంబరు ఇచ్చి, "వస్తాను గానీ, ఈసారి నేను డబ్బులు కట్టను" అన్నారు.