రూ. పక్కన చుక్క

మా మామయ్యకి ఉల్లి మండీ ఉంది. ఎన్ని బస్తాలు, ఏ రేటు అన్నీ రైతులు ఆయనకి వాట్సాప్‌లోనే రాస్తారు. ఉల్లి దిగడం మొదలైతే ఆయన ఫోను ఆగదు. "ఆ వాట్సాప్ మెసేజీలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి పెట్టమ్మా, ఊరికే కంప్యూటర్ ముందే కూచుంటావు కదా" అన్నారు. ఆ 'ఊరికే' గురించి ఇంకో రోజు రాస్తా.

వాక్యంలోంచి అంకెలు ఏరడం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క లైను పని. బ్యాక్‌స్లాష్, డి, ప్లస్: 'వరసగా ఉన్న అంకెలు ఇవ్వు' అని దానర్థం. వచ్చాయి కూడా. "ఏపీ 21" బండి నంబరులోని 21 బస్తాల గడిలో పడింది. 1,250 రేటు కామా దగ్గర తెగి 1, 250 అయింది. కామాని ఒప్పుకోమంటే అది సర్దుకుంది. పన్నెండున్నర క్వింటాళ్లని 12.5 అని రాస్తారు కాబట్టి చుక్కనీ ఒప్పుకోమన్నా. అంతే, "రూ.500"లో రూ పక్కనున్న చుక్కని కూడా లాక్కుని .500 చేసింది. క్వింటాలు ఉల్లి అర్ధ రూపాయి! "రేటు పడిందంటే విన్నా గానీ మరీ ఇంతనా" అన్నారు మామయ్య.

ఒక్కొక్కరిదీ ఒక్కో రాత. ఒకాయన 1250/- అంటాడు, ఇంకొకాయన "12 యాభై" అంటాడు. "బస్తాలు-45" అని అతికించి రాసే మహానుభావుడొకడు. మైనస్ నలభై అయిదు బస్తాలు, అంటే మనమే ఆయనకి బాకీ! మైనస్‌ని పట్టించుకోవద్దని చెప్పొచ్చు కదా అంటారేమో. నిజంగానే బాకీని మైనస్ పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు మరి. అందరికీ ఒక ఫారం పంపిద్దామని గట్టిగానే అన్నా. "సేద్యం చేసేటోడికి ఫారమా తల్లీ" అని నవ్వేశారు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకో మా అబ్బ, అదే మా తాత, గుర్తొచ్చాడు. పత్తికొండలో ఆయన శెనక్కాయల లెక్కల పుస్తకం, ఎర్ర అట్టది. అంకెలన్నీ తెలుగువే. దీపాలు పెట్టినాక నన్ను పక్కన కూచోబెట్టుకుని చదవమనేవాడు. ౨కీ ౩కీ మధ్య నేను తడబడితే జేజి పుస్తకం వంక చూడకుండానే వంటింట్లోంచి సరైన లెక్క అరిచేది. ఎవరు ఎన్ని మూటలు వేశారో, ఎవరికి ఎంత ఇవ్వాలో ఆమెకి నోటికొచ్చు. పావు, అర, ముప్పావులకి అబ్బ వేరే గీతలు గీసేవాడు. అవి నాకు ఎప్పటికీ పట్టుబడలేదు.

పని ఆపి పైథాన్‌కి ౧౨౫౦ ఇచ్చి చూశా. టక్కున 1250 అంది! జావాస్క్రిప్ట్ అనే ఇంకో భాషలో అదే బ్యాక్‌స్లాష్ డి ఈ అంకెల్ని ముట్టుకోదు, దానికి 0 నుంచి 9 దాకానే తెలుసు. అబ్బ గీసిన పావు గుర్తుల్లాంటివి 2008లోనే యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలో, చేరాయి గానీ పైథాన్‌లో కూడా ఈ డీకి చిక్కవు. జేజికి చిక్కేవి.

ఫారం మాట వదిలేశా. వాళ్లు రాస్తున్నది మామయ్యకి, నా ప్రోగ్రాంకి కాదు కదా. "12 యాభై" చూసి ఆయన క్షణం కూడా ఆగరు. 'బస్తాలు', 'రేటు' అన్న మాటల పక్కనున్న అంకెలే తీసుకుని, అనుమానంగా ఉన్న వరసలు ఇంకో షీటులో పడేశా. అవి ఆయనే చూసుకుంటారు.

ఆ అతికించే ఆయనకి మాత్రం ఫోన్ చేయించా, కాస్త ఖాళీ వదిలి రాయమని. వదిలాడు. ఇందాకే వచ్చింది మెసేజీ: "బస్తాలు -60".