సిజె ఊరికొచ్చినాడు

ఈ కడప ఎండకు మధ్యాహ్నం బయటికి పోలేక జీటీఏ శాన్ ఆండ్రియాస్ మళ్లీ ఎక్కించి, ఈసారి కథ కోసం ఆడి ముగించినా. 2004 నాటి వీడియో గేమ్ ఇది. చిన్నప్పుడు నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి, ఆటలో అడ్డదారి తెరిచే చీట్ కోడ్లు కొట్టి ట్యాంకు తోలడమే తెలుసు మాకు. కథ ఎవడిక్కావాల?

కథ జరిగేది 1992లో. అమ్మ చనిపోయిందని తెలిసి ఐదేళ్ల తర్వాత హీరో సిజె తన సొంతూరు లాస్ సాంటోస్‌కి వస్తాడు, లాస్ ఏంజిలస్‌ని చూసి కల్పించిన ఊరది. ఇల్లు చేరకముందే టెన్‌పెన్నీ అనే పోలీసు డబ్బు గుంజుకుని, శత్రువుల పేటలో దింపి పోతాడు. అన్న స్వీట్ అయితే పలకరింపు కన్నా ముందు నిష్ఠూరమే, మమ్మల్ని వదిలి పోయినావు కదా అని. బెంగళూరు పోయి చావుకో పెళ్లికో వచ్చే మావోళ్లకు ఈ మాట కొత్త కాదు.

గ్యాంగుల గొడవ పైకి కనపడేది. లోపలిదంతా మత్తుమందు పేటను తినేయడం, బిగ్ స్మోక్ లాంటి సొంత మనిషే అందులో చేయి కలపడం. చివర్లో టెన్‌పెన్నీ మీద కేసు కొట్టేస్తే ఊరు తగలబడుతుంది. 1992 ఏప్రిల్‌లో, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసుల కేసు తీర్పు తర్వాత లాస్ ఏంజిలస్‌లో నిజంగా జరిగిన అల్లర్ల నీడ అది.

నాకు మాత్రం ద్రోహం బయటపడినాక వచ్చే పల్లెటూళ్ల భాగమే ఇష్టం. చిలియాడ్ కొండ, మట్టిరోడ్లు, తోడుగా రేడియో. తుపాకీ తీయకుండా ఊరికే తిరిగినా.

ఇంతా చేసి దీన్ని తయారుచేసిన స్టూడియో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంది! సీమ మొగం చూడకుండా సీమ కథలు తీసే మన సినిమావోళ్ల కన్నా నయం, వీళ్లు కాస్త చదివి చేసినారు.

ఎడారిలో విమానం నేర్పే మిషన్లు మాత్రం మా తమ్ముడి చేత ఆడించినా. ఎవరూ నవ్వొద్దు.