సెల్లార్ పిల్లర్, సిల్కీ సిల్వర్

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా పార్కింగ్ పక్కన ఉన్న పిల్లర్‌కి పసుపు, నలుపు చారలు వేయించారు, అందరికీ కనబడాలని. జులైలో ఒక సాయంత్రం నాకు మాత్రం కనబడలేదు. రివర్స్ తీస్తూ స్టీరింగ్ కాస్త ముందే తిప్పేశాను. గర్రుమని చప్పుడు. దిగి చూస్తే ఎడమవైపు వెనక డోర్ మీద మూరెడు గీత, దాని నిండా పసుపు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి పిల్లర్ తడిమి చూసి, "పిల్లర్‌కేం కాలేదు మేడమ్" అన్నాడు, నాకేదో ధైర్యం చెబుతున్నట్టు.

నాది 2013 వ్యాగన్ ఆర్, రంగు పేరు సిల్కీ సిల్వర్. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడదామా అంటే, ఐదేళ్లకు పైగా ఒక్క క్లెయిమూ లేనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే సొంత కారు నష్టానికి కట్టే భాగంలో, 50 శాతం తగ్గుతోంది. ఈ గీతకి క్లెయిమ్ పెడితే ఆ బోనస్ పోతుంది, మళ్లీ సున్నా నుంచి మొదలెట్టాలి. టింకరింగ్ షాపాయన చూసి, "సిల్వర్ కదమ్మా, ముక్క వేస్తే కలవదు. డోర్ మొత్తం వేయాలి" అని 3,800 చెప్పాడు. దోచుకోవడానికి చెబుతున్నాడని మనసులో తిట్టుకుని ఇంటికొచ్చేశాను.

ముందు డోర్‌ని షాంపూ నీళ్లతో కడిగి, గుడ్డకి కొంచెం టర్పెంటైన్ అద్ది పసుపు మీద రుద్దాను. థిన్నర్ వాడలేదు, ఎప్పుడైనా రీపెయింట్ అయిన చోటుంటే థిన్నర్ ఆ రంగుని కూడా లేపేస్తుంది. ఆ తర్వాత బఠాణీ గింజంత రబ్బింగ్ కాంపౌండ్, గీతల్ని అరగదీసే పేస్టు. పావుగంటలో మూరెడు గీత జానెడైంది! నేను గీత అనుకున్నదాంట్లో సగం పిల్లర్ రంగే.

మిగిలినదాని మీద నీళ్లు చల్లి చూశాను. తడి అవగానే మాయమయ్యే గీతలు రంగు పైనున్న రంగులేని పూతలో, అంటే క్లియర్ కోట్‌లో ఆగినవి, కాంపౌండ్‌తో చాలావరకు పోతాయి. తడిసినా కనబడుతూ, అడ్డంగా గోరు పోనిస్తే తట్టుకునేవి లోతైనవి. నాకు అలాంటివి రెండే తేలాయి. ఒకటి వేలెడు పొడవున ప్రైమర్ బయటపడ్డ గీత. రెండోది డోర్ అంచున మినపగింజంత చోట బయటపడ్డ ఇనుము. మాది విశాఖలో బీచ్ రోడ్డుకి నడిచి వెళ్లేంత దూరం. ఉప్పుగాలికి ఆ మినపగింజ నాలుగు రోజుల్లో కందిపప్పు రంగుకి తిరిగింది.

అప్పుడే కంగారుపడి తప్పు చేశాను. హార్డ్‌వేర్ షాపులో 'సిల్వర్' అని రాసున్న స్ప్రే డబ్బా కొని, బయట ముసురు పట్టి ఉండగా సెల్లార్‌లోనే కొట్టేశాను. ఆరాక చూస్తే మజ్జిగ పోసినట్టు తెల్లగా మబ్బు కమ్మింది. థిన్నర్ ఆవిరైపోతూ ఆ చోటుని చల్లబరుస్తుంది, గాల్లోని తేమ వచ్చి ఆరీ ఆరని రంగులో చేరుతుంది. వానాకాలం విశాఖలో తేమకేం కొదవ.

మబ్బు సంగతి అలా ఉంచితే, షేడే కలవలేదు. సిల్వర్‌లో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. అవి ఎలా పడుకున్నాయన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. దగ్గర్నుంచి తడితడిగా కొడితే నల్లబడుతుంది, దూరం నుంచి పొడిగా కొడితే లేతబడుతుంది. షాపాయన ముక్క కలవదన్నది దీని గురించే. ఆయన్ని ఊరికే తిట్టుకున్నాను.

ఇంకో సంగతి కూడా జరిగింది, చెప్పాలంటే సిగ్గుగా ఉంది. స్ప్రే తుంపర ఎగిరి పక్క ఫ్లాట్ వాళ్ల స్కూటర్ మీద సన్నగా పడింది. "అత్తయ్యా, మా బండికి మెరుపులొచ్చాయేంటి?" అని ఆ అమ్మాయి అడిగాక గానీ నాకు తెలియలేదు. దాన్ని తుడవడానికి ఓ ఆదివారం పోయింది. నా డోర్ మీద మచ్చని చెరపడానికి ఇంకో ఆదివారం. అదీ భయంభయంగానే, క్లియర్ కోట్ వెంట్రుక మందం కూడా ఉండదు, రుద్దుకుంటూ పోతే కింద రంగు బయటపడుతుంది. అంచు మీద తుప్పుకి మాత్రం ప్రైమర్ చుక్క పెట్టి వదిలేశాను.

మళ్లీ సంక్రాంతి దాటాకే ముట్టుకున్నాను. ఈసారి బానెట్ కింద ప్లేటు మీదున్న కలర్ కోడ్, జెడ్2ఎస్, రాసుకుని ఆటో పెయింట్ల షాపుకి వెళ్లాను. కోడ్ చూసి, కాటా మీద గ్రాముల లెక్కన కలిపి వంద ఎంఎల్ ఇచ్చాడు. గట్టిగా ఉంటుందని హార్డెనర్ కలిపే టూకే క్లియర్ చూపించాడు గానీ వద్దన్నాను. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచివి కావు, మామూలు గుడ్డ మాస్క్ వాటిని ఆపదు. మామూలు క్లియర్ పెట్రోల్ పడితే పాడవుతుంది. పడనీ, నాది డోరేగా, ట్యాంక్ మూత కాదు.

కారుని కాంపౌండ్ గోడ నీడలో పెట్టాను. తుప్పుని బ్లేడు మొనతో గీకి, 400 నంబర్ వాటర్ పేపర్‌ని, అదే గరుకు కాగితాన్ని, పకోడీ పొట్లంలా మడిచి ఆ కొసతో మెరిసేదాకా రుద్దాను. స్పిరిట్‌తో తుడిచి, అంచుకీ గీతకీ టూత్‌పిక్‌తో ప్రైమర్ అద్ది మర్నాటిదాకా వదిలేశాను. రంగుకి మా వాడి వాటర్ కలర్ డబ్బాలోంచి అన్నిటికన్నా సన్న బ్రష్ అడక్కుండా తీసుకున్నాను. రంగు ఆరితే కుంగుతుంది కాబట్టి ఒక్కసారే నింపకూడదు. అరగంటకోసారి, పల్చగా, నాలుగుసార్లు. సీసాని ప్రతిసారీ బాగా కుదపాలి, రేకులు అడుక్కి దిగిపోతాయి. పైన రెండుసార్లు క్లియర్, చుట్టూ ఉన్నదానికన్నా కొంచెం ఎత్తుగా ఉండేలా. అంతే, వారం రోజులు దాని వైపు చూడలేదు. అబద్ధం, రోజూ చూశాను, ముట్టుకోలేదు.

వారం తర్వాత 2000 పేపర్‌ని రబ్బర్ ముక్కకి చుట్టి, సబ్బు నీళ్లతో ఆ ఎత్తుని సమం చేశాను. వేలికి చుట్టి రుద్దితే వేలి ఒత్తిడికి గాడులు పడతాయి. తర్వాత 3000, ఆపైన చేత్తో కాంపౌండ్.

ఐదడుగుల దూరం నుంచి కనబడదు. సాయంత్రం ఏటవాలు ఎండలో వంగి చూస్తే వానపాము పాకినట్టు కనబడుతుంది. తుప్పు మాత్రం మళ్లీ రాలేదు. అదే హుషారులో బానెట్ మీద రాళ్ల మచ్చలకీ పెట్టాను, శ్రీకాకుళం వెళ్లొచ్చేటప్పుడు హైవే మీద లారీలు ఎగరగొట్టినవి. చుక్కలు కాబట్టి గీత కన్నా బాగా కలిశాయి. బంపర్ జోలికి వెళ్లలేదు. అది ప్లాస్టిక్, దానికి వేరే ప్రైమర్ కావాలి, నా ఓపిక అయిపోయింది.

సీసాలో ఇంకా ముప్పాతిక రంగు మిగిలింది. మొన్న అసోసియేషన్ వాళ్లు పిల్లర్లకి మళ్లీ చారలు వేయిస్తామన్నారు. వెళ్లి చూస్తే నా పిల్లర్ పసుపు మీద, మోకాలి ఎత్తున, జానెడు సిల్కీ సిల్వర్ ఉంది. పిల్లర్‌కేం కాలేదన్న వాచ్‌మన్‌ని పిలిచి చూపించాను.


"మనదే కదా మేడమ్" అన్నాడు.