రామ్‌నగర్ పాకలు

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం చిన్నది గ్రూప్స్ బిట్లు అప్పజెప్పింది. "చీరాల–పేరాల ఉద్యమం?" అని అడగ్గానే, "1921, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, పన్నుల నిరాకరణ, విఫలం" అని గుక్క తిప్పుకోకుండా చెప్పి తర్వాతి దానికి వెళ్లిపోయింది. దాని తప్పేం లేదు, పుస్తకంలో అలాగే ఉంది. నాకే ఆ చివరి మాట మింగుడు పడలేదు.

అక్కడితో ఊరుకునేదాన్నేమో. అన్నం దగ్గర ఈయన అందుకున్నారు. "మున్సిపాలిటీ వస్తే వీధి దీపాలొస్తాయి, కాలవలొస్తాయి. దానికి ఊరొదిలి పోవడం దేనికి?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇదే మాట ఆ రోజుల్లో మద్రాసులో కూర్చున్న ప్రభుత్వంవాళ్లూ అనుంటారు. మీ మంచికే కదా అని. ఎవరి మంచో ఆ ఊరివాళ్లని అడగాలా వద్దా? అప్పుడు చీరాల, పేరాల గుంటూరు జిల్లాలో ఉండేవి. మగ్గం మీద బతికేవాళ్లు, కూలి చేసుకునేవాళ్లు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్లు కూడా కలిపేసి మున్సిపాలిటీ అన్నారు. వద్దు మహాప్రభో అని అర్జీలు పెట్టుకుంటే విన్నవాడు లేడు. పన్ను మాత్రం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. కట్టం అన్నవాళ్లని జైల్లో వేశారు. వాళ్లలో రావూరి అలమేలుమంగమ్మ అనే ఆవిడ కూడా ఉంది. 1921లో ఒక ఆడమనిషి ఇంటి పన్ను కోసం జైలుకి వెళ్లడమంటే మాటలా? ఆవిడ పేరు ఏ బిట్లోనూ లేదు. ఈయన మాత్రం పెరుగు కలుపుకుంటూ, "సరేలే, చివరికి ఓడిపోయారుగా" అన్నారు. ఇంక నేను మాట్లాడలేదు.

పేరాలలో అమ్మమ్మ కండెలు చుడుతూ ఈ కథ చెప్పేది. ఆవిడ చూసింది కాదు, వాళ్ల అత్తగారు పడింది. తాతమ్మ అప్పటికి కొత్త కోడలు. అత్తారింటి అరుగు అలవాటు కాకముందే మూటాముల్లె కట్టుకుని పాకలోకి పోవాల్సి వచ్చిందట. 1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా వచ్చే కష్టాలు ఓర్చుకుంటూ ఊళ్లోనే ఉండండి, లేదా ఊరే ఖాళీ చేయండి అని రెండు దార్లు చెప్పారు. మున్సిపాలిటీ హద్దు దాటి ఉంటే పన్ను వేయడానికి మనిషే ఉండడు కదా! సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా కదిలారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. గోపాలకృష్ణయ్యగారు పెట్టిన వాలంటీర్ల దళం రామదండు. వాళ్లే కాపలా, వాళ్లే సాయం.

కానీ అమ్మమ్మ కథలో గాంధీగారూ రామదండూ కాసేపే ఉండేవాళ్లు. మిగతాదంతా గుంట మగ్గం గురించే, అదే, నేలలో గుంట తవ్వి కాళ్లు అందులో పెట్టుకుని నేసే మగ్గం. మగ్గం విప్పి బండికెత్తుకోవచ్చు, గుంటని ఎలా ఎత్తుకుపోతావే అనేది. అక్కడ మళ్లీ తవ్వాలి. ఇసక నేలలో ఎంత తవ్వినా అంచులు జారిపోయేవట. చెక్కలు అడ్డం పెట్టి, మట్టి మెత్తి ఎలాగో నిలబెడితే, వాన పడి గుంటలో నీళ్లు. గంజి పెట్టిన పడుగు, అంటే బట్టకి నిలువు పోగులు, ఆరబెట్టడానికి చోటు లేదు. తడిసిన పడుగు పాడైతే ఆ నెల తిండి లేనట్టే. చూరు కింద పిల్లల్ని ఒక పక్కకి తోసి, నూలు మూట పొడిగా ఉండేలా దాని మీద తాతమ్మ తన చీర కప్పిందట. ఈ ముక్క దగ్గర అమ్మమ్మ చెయ్యి ఆగేది కాదు, గొంతు మాత్రం పెరిగేది, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు. అలా 11 నెలలు.

"విఫలం" అనే మాట కొట్టేసి వేరే ఏదైనా రాయమని రేపు చిన్నదానికి చెబుదామని ఇది టైప్ చేయడం మొదలుపెట్టాను. ఇంతదాకా వచ్చాక అలా అనిపించడం లేదు. గోపాలకృష్ణయ్యగారిని బరంపురంలో పట్టుకుని ఏడాది జైలు వేశారు, తిరుచిరాపల్లి పంపారు. ఆయన లేక, డబ్బు లేక, జనం తిరిగి ఊళ్లోకి వచ్చేశారు. మున్సిపాలిటీ ఉండిపోయింది. గెలిచారని రాస్తే తాతమ్మ పోగొట్టుకున్నవి లెక్కలోకే రావు. ఆ మాట అక్కడే ఉండనీ. నాయకుడి పేరు ఒక్కటే ఎందుకు అని విసుక్కున్నాను కానీ, ఆయన జైలుకెళ్లిన కొన్నాళ్లకే అంతా చెదిరిపోయిందంటే ఆ పేరు అక్కడ ఉండాల్సిందే. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి, 39 ఏళ్లకే క్షయతో, చేతిలో డబ్బు లేకుండా 1928లో పోయారు. ఆయనకీ ఏం మిగిలింది?

తిరిగొచ్చిన రోజు గురించి అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు. పాత ఇంట్లో పాత గుంట అలాగే ఉందా, పూడిపోయిందా? ఆ ఏడాది పన్ను ఎవరు తీసుకెళ్లి కట్టారు? ఇవన్నీ తెలిసినవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే పెద్దమామయ్యే. ఆదివారం ఫోన్ చేస్తాను. చిన్నదాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను, పరీక్షలో వచ్చినా రాకపోయినా.