గొర్రెల మంద కట్టిన మట్టి

మే నెలాఖరున మా చేలోంచి రెండు సంచుల నల్లరేగడి తెచ్చుకున్నాను. ఒకటి నాన్న ఎరువు కోసం గొర్రెల మంద కట్టించిన చెక్కది, అంటే ఆ చేలో ముక్కది. రెండోది గట్టుకవతల, ఏళ్ళుగా యూరియా, డీఏపీ తప్ప ఏమీ ఎరగనిది. "మంద కట్టిన చేలో వానపడితే మట్టి పొంగుద్దమ్మా" అంటాడు నాన్న. ఆ పొంగు ఎంతో కొలిచి చెప్పాలని నా పట్టుదల.

50 గ్రాముల ఎండు మట్టిని లీటరు గాజుసీసాలో పోసి తడిపాను. పైన చిన్న బీకరులో 10 మిల్లీలీటర్ల 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పెట్టి మూత బిగించాను. సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అది పట్టేస్తుంది. మర్నాడు బేరియం క్లోరైడ్ కలిపి, మిగిలిన క్షారాన్ని, దాన్ని పట్టిచూపే ఫినాల్ఫ్తలీన్ గులాబీరంగు పోయేదాకా ఆమ్లంతో చుక్కచుక్కగా తేల్చాలి. పక్కన మట్టి లేని సీసా ఒకటి ఉండాల్సిందే.

ఆ ఖాళీ సీసాతో పోలిస్తే యూరియా చెక్కకు ఖర్చయిన ఆమ్లంలో తేడా 0.9 మిల్లీలీటర్లు. ఆమ్లం గాఢత 0.5తో, కార్బన్ డయాక్సైడ్ తుల్యభారం 22తో గుణిస్తే 9.9 మిల్లీగ్రాముల వాయువు. మంద చెక్కకు 17.6! మూడుసార్లు చేశాను, వరస మారలేదు.

ఎండిన నేల తడవగానే ఇలా గుప్పున ఊపిరి వదలడాన్ని బర్చ్ ఎఫెక్ట్ అంటారు. తూర్పు ఆఫ్రికా నేలల్లో దీన్ని చూసి బర్చ్ 1958లో రాశాడు. ఎండకు చచ్చిన సూక్ష్మజీవులు కూడా బతికినవాటికి తిండే.

అయినా నాకు తృప్తి లేదు. మా నేలలో సున్నం ఎక్కువ. పుట్టిన వాయువులో కొంత ఆ తడిలోనే బైకార్బనేటుగా ఉండిపోతుంది, పైనున్న బీకరు దాకా రాదు. వేడి అలా దాక్కోలేదు. గ్లూకోజ్ పూర్తిగా ఖర్చయితే ఒక్కో మోల్ కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 469 కిలోజౌళ్ళు వస్తాయి. ఆ లెక్కన నా 9.9 మిల్లీగ్రాములకు రోజంతా కలిపి 105 జౌళ్ళు, అంటే 1.2 మిల్లీవాట్లు. పెంటకుప్పలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది గానీ, ఇంత సన్నటి వేడి చేతికేం తెలుస్తుంది? అతి సన్నటి వేడిని కొలిచే మైక్రోకెలోరీమీటర్ కావాలి. మా సీనియర్ అక్క దయవల్ల వేరే ఊళ్ళో దొరికింది.

మట్టి మీద నీళ్ళు వదిలిన క్షణాన వేడిని చూపే గీత నిట్టనిలువుగా లేచింది. నేను పొంగిపోయాను. అక్క మాత్రం, "ఆగు, చచ్చిన మట్టి కూడా పెట్టి చూడు" అంది. వరసగా మూడు రోజులు ఆటోక్లేవ్ చేసిన, అంటే ఒత్తిడి ఆవిరిలో సూక్ష్మజీవుల్ని చంపేసిన మట్టిని పెట్టాం. అదీ అలాగే లేచింది! ఎండిన బంకమట్టి తడిస్తే చాలు, వేడి పుడుతుంది, అందులో ప్రాణం పాత్ర లేదు. అరగంటలో చచ్చిన మట్టి గీత కిందికి వాలిపోయింది. మంద చెక్క గీత మాత్రం కాస్త తగ్గి, మళ్ళీ నెమ్మదిగా ఎత్తుకుని, మర్నాటి ఉదయం దాకా నిలబడింది. యూరియా చెక్క దానికి చాలా కిందనే ఉండిపోయింది.

ఫోటో తీసి నాన్నకు పంపాను. పై గీత మనదేనా అని అడిగాడు. మనదే నాన్నా అన్నాను. నిన్న ఆర్టీసీ పార్సిల్‌లో ఇంకో సంచి దిగింది, మూతికి కట్టిన చీటీ మీద నాన్న రాత: "బావి పక్క చెక్క. ఇదీ చూడు."